ఊపిరి కాలమ్‌లో ఇరవై: వైద్య ఆరోగ్య శాఖకు ఒక రిటైర్డ్ నర్సు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లాల్లో మాతృ మరణాల సమీక్షకు కూర్చునే పెద్దలందరికీ,

నమస్కారం.

నేను కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేశాను. ఎక్కువ కాలం లేబర్ రూమ్‌లోనూ గర్భిణుల వార్డులోనూ గడిపి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. పెన్షన్ కోసమో, ఎరియర్స్ కోసమో రాస్తున్న ఉత్తరం కాదిది. జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టులో ఉండే ఒకే ఒక్క కాలమ్ గురించి రాస్తున్నాను. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే కాలమ్ అది.

ఈసారి ఏ ఆసుపత్రికి తనిఖీకి వెళ్లినా, గర్భిణుల వార్డులో చేతికందిన పది కేస్ షీట్లు తెప్పించుకోండి. జ్వరం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. నాడి ఒకరికి 84, ఒకరికి 110. బీపీలూ అంతే. ఊపిరి కాలమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పదిమందికీ 20. పొద్దున 20, మధ్యాహ్నం 20, అర్ధరాత్రి 20. చలిజ్వరంతో వణుకుతున్నామెకీ 20, డిశ్చార్జ్ కాగితం చేతపట్టుకుని ఆటో కోసం చూస్తున్నామెకీ 20. మరీ ఒకేలా ఉంటే బాగోదని మధ్యలో ఎవరో ఒక 18 వేస్తారు.

ఆ అంకె ఎవరూ లెక్కపెట్టింది కాదు. నాకెలా తెలుసంటే, ఏళ్ల తరబడి నేనూ అలాగే వేశాను.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. అమ్మాయికి ఇరవై రెండేళ్లు. తొలిచూలు, ఏడో నెల. రెండు రోజులుగా చలిజ్వరం, కుడివైపు నడుం నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు చేయించుకున్నారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడంతో సాయంత్రం వాళ్లమ్మ తీసుకొచ్చింది. డ్యూటీ డాక్టరమ్మ థియేటర్లో సిజేరియన్ చేస్తున్నారు, దాని వెనకే ఇంకోటి సిద్ధంగా ఉంది. లేబర్ రూమ్‌కీ వార్డుకీ కలిపి నర్సులం ఇద్దరమే. ఫోన్లో అడిగి సెలైన్ పెట్టాను, జ్వరానికి పారాసెటమాల్ ఇంజెక్షన్ ఇచ్చాను. గంటన్నరలో ఒళ్లు చల్లబడింది. చార్టులో 99 రాసి హమ్మయ్య అనుకున్నాను. పక్క కాలమ్‌లో చేతికి అలవాటైన 20 దానంతటదే పడింది.

రాత్రి రెండు దాటాక వాళ్లమ్మ పరుగున వచ్చింది. "సిస్టరమ్మా, పిల్ల రొప్పుతోంది. ఏదేదో మాట్లాడుతోంది, నన్ను చూసి పిన్నీ అంటోంది" అంది.

"ఏడో నెల కదమ్మా, ఆయాసం ఉంటుంది. జ్వరం తగ్గిందిగా, పడుకోనివ్వండి" అన్నాను. అవతల లేబర్ టేబుల్ మీద ఒకామెకి బిడ్డ తల కనబడుతోంది. వాళ్లమ్మను వదిలించుకోవాలని అన్న మాట కాదది. నిజంగా అలాగే అనుకున్నాను.

తెల్లారుజామున వెళ్లి చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. పై బీపీ 80. రాత్రంతా మూత్రానికి లేవలేదని అప్పుడు చెప్పారు. చెప్పారనడం కూడా తప్పే, అప్పటిదాకా నేను అడగలేదు. బిడ్డ గుండె చప్పుడు దొరకలేదు. అప్పుడు మొదలయ్యాయి పరుగులు. 108లో బోధనాసుపత్రికి పంపించాం. మొదటి యాంటీబయాటిక్ అక్కడికి వెళ్లాకే పడింది. అంటే మా గడప తొక్కిన 12 గంటలకి. మూడో రోజు ఆ అమ్మాయి పోయింది. మరణ కారణం దగ్గర కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాశారు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు పోతారండీ?

సమీక్ష జరిగింది. చెకప్‌లన్నీ ఎందుకు చేయించలేదని ఆశా కార్యకర్తను నిలబెట్టి అడిగారు. ఏఎన్‌ఎంను రిజిస్టర్ తెమ్మన్నారు. ఆలస్యంగా తెచ్చారని ఇంటివాళ్లని అన్నారు. నా చేతిరాతతో ఉన్న చార్టు బల్ల మీదే ఉంది. వరసగా 20, 20, 20. ఎవరైనా దాని మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అంటే ఏం చెప్పాలా అని టెన్షన్‌తో నాకు చెమటలు పడుతున్నాయి. ఎవరూ అడగలేదు. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాను. ఇప్పుడా మాట రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఆ తర్వాత చదివాను. పుస్తకాలు, డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు, ఇంగ్లిషు కష్టమైనా పట్టుబట్టి చదివాను. చదివినదాన్ని మీలో డాక్టర్లకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కానీ ఫైళ్ల మీద సంతకం పెట్టేవాళ్లందరూ డాక్టర్లు కారు కాబట్టి చెబుతాను.

ఆ అమ్మాయిని తీసుకెళ్లింది సెప్సిస్. సెప్సిస్ అంటే ఒంట్లోకి క్రిమి చేరడం మాత్రమే కాదు. దాన్ని తరమబోయి శరీరం తన మీద తానే విరుచుకుపడటం. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటామే, అచ్చంగా అదే. సన్నని రక్తనాళాలు కారడం మొదలవుతుంది. నీరు బయటికి పోయి బీపీ జారుతుంది. ఎక్కడికక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టి మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు, మాయకు రక్తం సరిగా అందదు. గర్భంలోగానీ, కాన్పులోగానీ, గర్భస్రావం తర్వాతగానీ, బాలింతగా ఉన్నప్పుడుగానీ ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావడాన్ని మాతృ సెప్సిస్ అంటారని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. ఆ నిర్వచనంలో జ్వరం అన్న మాటే లేదు. పారాసెటమాల్ పడ్డ ఒంట్లో జ్వరం తగ్గుతుంది, సెప్సిస్ తగ్గదు. కొందరిలో జ్వరానికి బదులు ఒళ్లు మామూలుకన్నా చల్లబడుతుంది.

కడుపుతో ఉన్న మనిషిలో దీన్ని పట్టుకోవడం మరీ కష్టం. ప్రతి గుర్తుకూ ఒక సాకు దొరుకుతుంది. గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నాడి మామూలుకన్నా 10, 20 ఎక్కువే కొట్టుకుంటుంది. మధ్య నెలల్లో బీపీ కాస్త తగ్గుతుంది. తెల్లకణాలు పెరుగుతాయి, నొప్పుల్లో ఇంకా పెరుగుతాయి. కాబట్టి నాడి 115 ఉన్నా, బీపీ 94 ఉన్నా, తెల్లకణాలు 16 వేలున్నా గర్భం కదా అనేస్తాం. పైగా చిన్న వయసు, గట్టి గుండె. చివరిదాకా తట్టుకుని నిలబడుతుంది, పడితే మాత్రం ఒక్కసారిగా కూలిపోతుంది.

అన్నిటికీ సాకు దొరుకుతుంది కానీ ఊపిరి లెక్కకు దొరకదు. గర్భంలో ఊపిరి లోతు పెరుగుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు అన్నది దాదాపు మారదు. ఆయాసంగా ఉందని ఆమె అనవచ్చు. ఊరికే పడుకుని ఉన్నప్పుడు లెక్క 25కి చేరిందంటే మాత్రం అది గర్భం పని కాదు. లోపల లాక్టిక్ ఆమ్లం పేరుకుంటోంది, దాన్ని సర్దుకోవడానికి శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను గబగబా ఊదేస్తోంది అని అనుమానించాలి. చాలాసార్లు బీపీ పడకముందే మొదలయ్యే గుర్తు ఇది. విచిత్రం చూడండి, జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి మిషన్ ఉంది, నాడికి వేలికి తగిలించే ఆక్సీమీటరుంది. మా వార్డుల్లో ఊపిరి లెక్కకు మాత్రం ఏమీ లేదు. ఒక మనిషి ఒక నిమిషం కళ్లప్పగించి పొట్ట, రొమ్ము లేచిపడటం చూడాలి. అందుకే అది 20 అయిపోయింది.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ప్రసూతి నిపుణులు 2017లో మంచం పక్కనే చూడదగ్గ మూడు గుర్తులు చెప్పారు. ఊపిరి 25 లేదా అంతకంటే ఎక్కువ, పై బీపీ 90 కంటే తక్కువ, మాటలోనో మెలకువలోనో తేడా. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్న గర్భిణికి మూడింట్లో రెండుంటే సెప్సిస్ అనుకునే కదలాలి. ల్యాబ్ అక్కర్లేదు. ఆ రాత్రి రెండు గంటలకు నా రోగి రొప్పుతోంది, కన్నతల్లిని పిన్నీ అంటోంది. రెండు గుర్తులు. వాళ్లమ్మ రెండూ ఒకే గుక్కలో నాకు చెప్పింది. చదువురాని మనిషి. మన ముసలివాళ్లు సన్నిపాతం కమ్మింది అనేవారే, ఆ మాట తెలిసినా ఆ రాత్రి నేను గుర్తుపట్టేదాన్ని.

ఇక్కడ సవితా హలప్పనవర్ గురించి చెప్పకుండా ఉండలేను. పక్క రాష్ట్రంలోని బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, 31 ఏళ్లు. 2012 అక్టోబర్ 21న, 17 వారాల గర్భంతో, నడుం నొప్పి అని ఐర్లండ్‌లోని గాల్వే యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లింది. గర్భం నిలవదని తేలింది. ఆ రాత్రే ఉమ్మనీరు పోయింది. గర్భం తీసేయమని అడిగితే, పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. 28న సెప్టిక్ షాక్‌తో చనిపోయింది. అప్పుడు మన టీవీల్లో చర్చంతా అక్కడి చట్టం మీదే నడిచింది. నడవాల్సిందే కూడా. ఆ చావు కదిలించబట్టే 2018 మేలో ఐర్లండ్ జనం 66.4 శాతం ఓట్లతో గర్భస్రావాన్ని అడ్డుకునే రాజ్యాంగ నిబంధనను ఎత్తేశారు.

అయితే విచారణ నివేదికల్లో ఇంకో సగం ఉంది, దాని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోలేదు. చేరిన రోజు తీసిన రక్తపరీక్షలోనే తెల్లకణాలు పెరిగి ఉన్నాయి, ఆ రిపోర్టును సమయానికి ఎవరూ పట్టించుకోలేదు. ఉమ్మనీరు పోయాక నాలుగు గంటలకోసారి చూడాల్సిన జ్వరం, నాడి, ఊపిరి సరిగా చూడలేదు. ఆమెను కాపాడే దారి పట్టడానికి దొరికిన 13 అవకాశాలు చేజారాయని అక్కడి ఆరోగ్య నాణ్యతా సంస్థ 2013 అక్టోబర్‌లో లెక్క తేల్చింది. మనకు 1971 నుంచే గర్భస్రావానికి వీలిచ్చే ఎంటీపీ చట్టం ఉంది, ఇక్కడ అలా జరగదులే అని నా స్నేహితురాలు ఒకామె అంది. చట్టం ఉంది, సరే. నాలుగు గంటలకోసారి చూడటం ఉందా?

ఐర్లండ్ 2013లోనే గర్భిణుల కోసం ప్రత్యేకంగా ముందస్తు హెచ్చరిక చార్టు తెచ్చింది. 2014లో సెప్సిస్ మార్గదర్శకాలు జాతీయ స్థాయిలో వచ్చాయి. ఆ చార్టులో అంకె రాయడం కాదు, గడిలో చుక్క పెట్టాలి. చుక్క రంగు గడిలో పడితే నర్సు డాక్టర్‌ను పిలవాల్సిందే, డాక్టర్ రావాల్సిందే. ఇలాంటి చార్టుల నమూనాలు మన దేశంలోనూ బోధనాసుపత్రుల్లో ఉన్నాయి. మా స్థాయి ఆసుపత్రికి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇదంతా బీదరికం వల్ల వచ్చే బాధ అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో 2006-08 మధ్య గర్భం, కాన్పు వల్ల నేరుగా జరిగిన తల్లుల మరణాల్లో మొదటి కారణం సెప్సిసే.

మీరు చేసింది తక్కువని నేననడం లేదు. 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష జననాలకు 154 మంది తల్లులు పోయేవారు. 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అది 45. ఎడ్లబండి మీద నొప్పులతో వచ్చిన ఆడవాళ్లను చూసినదాన్ని, 108 వచ్చాక తేడా నాకు తెలుసు. నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆసుపత్రికి రప్పించే పని దాదాపు అయిపోయింది. ఆ 2018-20 మరణాల లెక్కల్లోనే కేరళది 19. ఈ 45కీ ఆ 19కీ మధ్య ఉన్న తల్లులు ఎక్కడున్నారు? చాలామంది మన మంచాల మీదే ఉన్నారని నా నమ్మకం. పైగా ఆ సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో 63. కోసిన ప్రతి పొట్టా ఇన్ఫెక్షన్‌కు ఒక తలుపే.

అడగాల్సినవి అడుగుతాను.

నర్సుకు యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇచ్చే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చి పంపమని మాకు శిక్షణ ఇచ్చారు, ఎంతోమంది బతికారు. శిక్షణ పొందినవాళ్లే కాన్పు చేయాలంటూ కేంద్రం 2010లో ఇచ్చిన ఎస్‌బీఏ మార్గదర్శకాల్లో, రిఫర్ చేసేముందు మొదటి డోసు యాంటీబయాటిక్ ఇవ్వడానికి ఏఎన్‌ఎంకు కూడా వీలుంది. సబ్ సెంటర్లో ఒంటరిగా ఉన్న ఏఎన్‌ఎంకు ఉన్న వీలు, వంద పడకల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకు ఉన్నట్టు మాకెవరూ చెప్పలేదు. డాక్టర్ థియేటర్లో ఉన్నారని, ఫోన్ ఎత్తలేదని గంటలు పోతున్నాయి. సెప్సిస్ అనుమానం గట్టిగా ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలని ప్రపంచమంతా చెబుతోంది. ఏ మందు, ఎంత అన్నది పెద్ద డాక్టర్లే కూర్చుని నిర్ణయించి ఒక స్టాండింగ్ ఆర్డర్ రాసి గోడకు అంటించండి. ఎలర్జీ అడగడం మాకు తెలుసు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు సీసా ఉంటే ముందు రక్తం తీస్తాం, లేకపోతే దాని కోసం ఆగం. రిపోర్టు వచ్చాక చూద్దాం అనే మాట ఈ ఒక్క జబ్బు దగ్గర నిషేధించాలి.

మనకంటే బీద దేశం మలావీలో ఫాస్ట్-ఎం అని ఒక పద్ధతి ఆసుపత్రుల్లో పెట్టి చూశారు. సెలైన్, యాంటీబయాటిక్, ఇన్ఫెక్షన్ మూలాన్ని తీసేయడం, అవసరమైతే పై ఆసుపత్రికి తరలింపు, వదలకుండా కనిపెట్టుకుని ఉండటం, ఈ ఐదే. ఖరీదైన సామాను ఒక్కటీ లేదు. ఇందులో మూలాన్ని తీసేయడం దగ్గరే మనవాళ్లు తటపటాయిస్తారు. మాయ ముక్క కావచ్చు, చీము కావచ్చు, ఉమ్మనీరు పోయి కుళ్లుతున్న గర్భమే కావచ్చు. అది లోపలుండగా ఎన్ని సీసాలెక్కించినా లాభం లేదు.

గర్భిణి మూత్రపరీక్ష అంటే మన దగ్గర ఆల్బుమిన్, షుగర్. పట్టీ ముంచి రాసేస్తారు. మంట కూడా లేకుండా మూత్రంలో క్రిములుండే గర్భిణులు ఉంటారు, వదిలేస్తే కొందరిలో అది కిడ్నీకి పాకుతుంది. ఆ రాత్రి వచ్చిన అమ్మాయి కుడివైపు నడుం నొప్పి అదే అయ్యుంటుందని తర్వాత డాక్టరమ్మ అన్నారు. పెరిగే గర్భసంచి ఒత్తిడి కుడివైపే ఎక్కువట. ఇలా దాగిన క్రిములను పట్టుకోవడానికి గర్భిణికి మూత్రం కల్చర్ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ఉంది. ప్రతి పీహెచ్‌సీలో కుదరదని తెలుసు. నెలనెలా 9వ తారీఖున చెకప్‌కు వచ్చినప్పుడు నమూనా తీసి జిల్లా ల్యాబ్‌కు పంపలేమా? మందులు తర్వాత, ముందు మాకు మరుగుదొడ్డి కట్టించండి అని మిరప కోతలకు వెళ్లే ఒక గర్భిణి నాతో అంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకుని పనిచేస్తారు వాళ్లు. అది మీ శాఖ పని కాదంటారేమో.

యాంటీబయాటిక్ అనగానే విచ్చలవిడిగా వాడమంటున్నానని అనుకోకండి. సవిత రక్తంలో దొరికిన ఈ.కోలై అనే క్రిమి కూడా చాలా మందులకు లొంగని రకమే. ఆమె సొంతూరు బెళగావి కూడా ఒక కేంద్రంగా 7 దేశాల్లో 29,278 మంది మీద జరిగిన అధ్యయనం 2023లో వచ్చింది. నొప్పుల్లో ఒక్క డోసు అజిత్రోమైసిన్ ఇస్తే తల్లికి సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6కి తగ్గింది. అందరికీ ఇవ్వాలా వద్దా అన్నది నిపుణులు తేల్చాలి. నేనడిగేది జబ్బు కళ్లెదుట ఉన్నప్పుడు మొదటి డోసు గురించి మాత్రమే.

ఇక సమీక్షలు. కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసిన ఫారాన్ని వెనక్కి పంపండి. ఆసుపత్రికి ఎన్నింటికి వచ్చింది, మొదటి యాంటీబయాటిక్ ఎన్నింటికి పడింది, ఈ రెండు టైములకూ ఫారంలో రెండు గళ్లు పెట్టండి. ఊపిరి కాలమ్ చదవండి. తప్పు ఎవరిదని వెతకవద్దని 2017 నాటి మీ సమీక్షా మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇది చదివి మర్నాడే నర్సులకు మెమోలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చే నెల నుంచి చార్టుల్లో 20 బదులు 17, 19, 22 కనబడతాయి. లెక్కపెట్టకుండానే. నలభై మందికి ఒక నర్సు ఉన్న వార్డులో నలభై నిమిషాలు ఊపిరి లెక్కకే పోతాయి. ఆ నలభై నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలో మీరు చెప్పాలి. కుదరకపోతే జ్వరం ఉన్నవాళ్లకి, ఉమ్మనీరు పోయినవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి, ఇంటివాళ్లు వచ్చి మనిషి తేడాగా ఉందని చెప్పినవాళ్లకి తప్పనిసరి చేయండి. ఆ చివరిది మర్చిపోకండి.

ఒక చిన్న సంగతి. నిమిషం లెక్కపెట్టాలంటే సెకన్ల ముల్లున్న గడియారం కావాలి. ఫోన్లు డ్యూటీలో తీయకూడదని మాకు చెప్పారు. మా పాత వార్డులో గోడగడియారం లేదని రిటైరయ్యే రోజున నేనే ఒకటి కొనిచ్చాను, మూడు వందలైంది. కిందటి నెల ఎవరినో చూడటానికి వెళ్తే అది పదింబావు దగ్గర ఆగిపోయి ఉంది. కింద కొట్లో బ్యాటరీ కొని, స్టూలెక్కి వేసి వచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు